పెన్సిలు సంతకం

మా కాలేజీలో పేద విద్యార్థులకు ఆర్థిక సహాయం నిర్ణయించే సంఘంలో నేనొక సభ్యురాలిని. ఈ గౌరవం నా యోగ్యత చూసి ఇచ్చింది కాదు. సభ్యుల్ని ఎన్నుకున్న రోజు నేను సెలవులో ఉన్నాను.

ఏటా వానాకాలంలో నా బల్ల మీదికి ఒక గుట్ట ఫారాలు వస్తాయి. మొన్న ఆ గుట్టలోంచి ఒకటి తీసి, టిక్కు పెట్టబోయి ఆగాను. నల్ల సిరా అక్షరాల కింద సన్నగా పెన్సిలు జాడలు. ముందు పెన్సిలుతో రాసి, తరవాత సిరాతో దిద్ది, ఆపైన రబ్బరుతో తుడిచారు. పేరు, చిరునామా, ఆదాయం వరకు అలా చేసే జాగ్రత్తపరులు ఉంటారు. కానీ ఈ ఫారంలో తండ్రి సంతకం కింద కూడా పెన్సిలు జాడ ఉంది. సంతకాన్ని సైతం ముందు పెన్సిలుతో పెట్టించే మనిషి ఈ కలకత్తాలో నాకు తెలిసి ఒక్కడే.

ఆ అమ్మాయిని పిలిపించాను. ఖిదిర్‌పూర్ పిల్ల. ఫారం ఎవరు నింపారని తెలుగులో అడిగేసరికి బిత్తరపోయింది. మేడమ్‌లకు తెలుగు వస్తుందని ఆమెకెవరూ చెప్పినట్టు లేదు.

"మా టాలీదాదు మేడమ్. మా పాడా... మా పేటలోనే ఉండేవారు. ఇది నింపిన వారానికి పోయారు. బాగా పెద్దాయన. వందేళ్ళు ఉంటాయేమో."

"డెబ్బై తొమ్మిది" అన్నాను.

రేపు రమ్మని ఆమెను పంపేసి, ఫారాన్ని ముందుపెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు మరి టిక్కులు పడలేదు.

ఈ పిల్లకు దాదు, అంటే తాత. మాకాయన టాలీదా, టాలీ అన్న. ఓడలు ఆగే ఖిదిర్‌పూర్ డాక్‌లో టాలీ గుమాస్తా. ఓడలోంచి దిగే బస్తాల్నీ పెట్టెల్నీ లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. అసలు పేరొకటి ఉండే ఉంటుంది, చర్చి రిజిస్టరులో తప్పకుండా ఉంటుంది, కానీ మా కూలీల ఇళ్ళ లైన్లలో ఎవరికీ తెలియదు. ఆయనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా టాలీదా అనే పిలిచేవారు. మా వాళ్ళంతా శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి బరువులు మొయ్యడానికి వచ్చినవాళ్ళు. ఆయనది భీమిలి వైపు క్రైస్తవ కుటుంబం. ఆయన మాత్రం ఇతరులు మోసిన బరువుల్ని లెక్కపెట్టడానికి వచ్చాడు.

లెక్క ఆయన్ని డ్యూటీ దిగాక కూడా వదిలేది కాదు. ఆదివారం ప్రార్థనకు ఎంతమంది వచ్చారో ఆయనకు పాస్టరుగారికన్నా ముందు తెలిసేది. ప్లేటులో బిస్కట్లు పెడితే ఒకసారి కళ్ళతో లెక్కపెట్టాకే ఒకటి తీసేవాడు. కళ్ళజోడు కాడ విరిగితే జనపనార పురి కట్టుకున్నాడు. అది విరగడం నేను చూడలేదు, మార్చడమూ చూడలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన వరండాలో ఫారాల కచేరీ. రేషన్ కార్డు, స్కూలు అడ్మిషను, చావు సర్టిఫికెట్టు, ఏదైనా సరే. ఎవరి దగ్గరా పైసా తీసుకునేవాడు కాదు గానీ, తిట్లకు లోటు చేసేవాడు కాదు. ఏ ఫారమైనా ముందు పెన్సిలుతోనే. డాక్‌లో టాలీ పుస్తకం పెన్సిలుతోనే రాస్తారు, వాన పడితే సిరా కారిపోతుందని. ఇంటి వరండాలో వాన పడదు కదా అని ఒకసారి నేనన్నాను.

"కారిపోయేది సిరా ఒకటే కాదమ్మీ. మనం కూడా. ముందు పెన్సిలు."

పెన్సిలుతో నింపాక దాన్ని మనం నిలబడి పైకి చదవాలి. ముసలమ్మలకు కూడా మినహాయింపు లేదు. చదువు రాని వాళ్ళయితే ఆయన చదువుతుంటే నిలబడి వినాలి.

"కూసుని సదివితే అబద్దం తెలీదు. నిలబడి సదువు. కాళ్ళకి తెలిసిపోతాది."

ఇక డబ్బు సాయానికి సంబంధించిన ఫారమైతే మూడో మెట్టు ఒకటుంది. కళ్ళజోడు పైకెత్తి అడిగేవాడు: "మరి రెండో ఏడు ఏటి?" మొదటి ఏడాది సాయం అందరూ చేస్తారని ఆయన అనుభవం. మొదటి ఏడాది ఫోటో తీస్తారు, చేతులు కలుపుతారు. రెండో ఏడాది ఆ పిల్ల మెస్ బాకీతో హాస్టలు గుమ్మం దగ్గర నిలబడితే అక్కడ ఫోటోగ్రాఫరు ఉండడు. 'ఉచితం' అన్న మాట కనిపిస్తే దాని కింద పెన్సిలుతో గీత గీసి, "ధర ఇంకా సెప్పలేదన్నమాట" అనేవాడు.

నాకు ఇంజినీరింగులో సీటు వచ్చినప్పుడు ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి పదేళ్ళు దాటింది. సర్కారీ కాలేజీలో ఫీజు నామమాత్రం. ఆ నామమాత్రపు ఫీజు కట్టి చదువుకోవాలంటే మాత్రం రాత్రంతా రైల్లో వెళ్ళి, అక్కడ హాస్టల్లో నాలుగేళ్ళు భోజనం చెయ్యాలి. భోజనం నామమాత్రం కాదు. మా ఇల్లు ఒకటిన్నర గది. నాన్న డాక్‌లో కూలీ. అమ్మ మెటియాబ్రుజ్ దర్జీ దుకాణాల నుంచి గౌన్లు తెచ్చుకుని అంచులు కుట్టేది. మా లైన్లలో ఇంజినీరింగుకు వెళ్ళిన ఆడపిల్ల అప్పటికి లేదు కాబట్టి, ఎలా వెళ్ళకూడదో చెప్పే అనుభవజ్ఞులు చాలామంది ఉండేవారు.

దారులు మూడు కనిపించాయి. ఒకటి, డాక్ కార్మికుల పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్పు. నాలుగేళ్ళూ హాస్టలు ఖర్చంతా ఇస్తారు, తిరిగి కట్టక్కర్లేదు. రెండోది, దక్షిణ కలకత్తాలో ఆఫీసర్లు నడిపే తెలుగు సంఘం ఇచ్చే సాయం, ఒక్క ఏడాదికి. మూడోది, సర్కారు వారి అప్పు. ఉద్యోగం వచ్చాక తీర్చాలి. హామీదారు కావాలి. నాలుగోదొకటి ఉండేది, చర్చి తరఫున. దాన్ని టాలీదానే కొట్టేశాడు. "హాస్టల్లో అన్నం కోసం ఏసుని నమ్ముకున్నానంటే ఆయన ఏటనుకుంటాడు? అది మా వోళ్ళ పిల్లలకి. నువ్వు రాకు."

ఇందులో ఆలోచించడానికి ఏముంది, డాక్ స్కాలర్‌షిప్పే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాన్నకూ అలాగే అనిపించింది.

చిక్కు ఎక్కడంటే, మా నాన్న పేరు నూకరాజు. డాక్‌లో ఆయన పేరు అప్పలసామి.

అప్పలసామి మా పెదనాన్న. పర్మనెంటు కార్డు ఆయనది. జబ్బు చేసి ఊరికి వెళ్తూ, నాలుగు రోజులు తన బదులు వెళ్ళమని కార్డు తమ్ముడి చేతిలో పెట్టాడు. పెదనాన్న తిరిగి రాలేదు, ఊళ్ళోనే పోయాడు. నాలుగు రోజులు పంతొమ్మిదేళ్ళయ్యాయి. కార్డు మీది ఫోటో తపాలా బిళ్ళంత. అన్నదమ్ముల ముక్కులు ఒకటే. మా లైన్లలో అలాంటి కార్డులు ఇంకొన్ని ఉండేవి, అందుకే ఎవరూ ఎవరి పేరూ గట్టిగా పిలిచేవారు కాదు.

అలాంటి ఇళ్ళన్నిటిలోనూ పిల్లల్ని స్కూల్లో వేసేటప్పుడు డాక్ పేరే తండ్రి పేరుగా రాయించేవారు. మా అమ్మ రాయించలేదు. అప్పలసామి ఆవిడకు బావగారు. బావగారి పేరు ఆవిడ నోటితో పలకదు. ఆయన ఎదురొస్తే గోడవైపు తిరిగి నిలబడ్డ మనిషి. "ఆయన పేరు నా కూతురికి తండ్రిగా రాయించాలేటి? సదువు నేకపోతే మానీ" అని, హెడ్‌మిస్ట్రెస్ ముందు భర్త అసలు పేరే చెప్పింది. అంచేత నా సర్టిఫికెట్లన్నిటిలో నేను నూకరాజు కూతుర్ని. ఆ నూకరాజు డాక్ రికార్డుల్లో పుట్టనేలేదు.

ఆ ఆదివారం వరండాలో మూడు ఫారాలూ పెన్సిలుతో నింపి ఉన్నాయి. అమ్మ గడప దగ్గర కూర్చుని గౌను అంచు కుడుతోంది. నాన్న నిలబడే ఉన్నాడు.

"యూనియనోళ్ళని అడిగాను టాలీదా" అన్నాడు నాన్న. "అలీపూర్ కోర్టులో ఒక అఫిడవిట్టు సాలంట. పిల్ల తండ్రి అప్పలసామే, స్కూలోళ్ళు తప్పు రాసీసినారు అని. పది నిమిసాల పని. పంతొమ్మిదేళ్ళు బస్తాలు మోసినాను. అది నా హక్కు కాదేటి?"

"హక్కే. ఎవుడు కాదన్నాడు?" టాలీదా ఫారం నా చేతికిచ్చాడు. "నిలబడి సదువమ్మీ."

నిలబడ్డాను. నా పేరు చదివాను. పుట్టిన తేదీ చదివాను. "తండ్రి పేరు..." దగ్గర అప్పలసామి అని ఉంది. చదివాను. కాళ్ళకు తెలిసిందో లేదో గుర్తు లేదు. సూది ఆగిన సంగతి మాత్రం తెలిసింది. అమ్మ దారం పళ్ళతో కొరికి, గౌను మడిచి, లేచి గోడవైపు తిరిగి నిలబడింది. పెదనాన్న బతికున్నప్పుడు నిలబడ్డట్టే.

నాన్న గొణిగాడు: "సచ్చిపోయినోడి పేరుకి అంత మరియాదెందుకు?"

"సచ్చిపోయినోడు రోజూ డూటీకెల్తన్నాడు కదా" అంది అమ్మ, గోడతోనే.

టాలీదా నవ్వలేదు. నాన్నను కూర్చోమన్నాడు.

"నూకరాజూ, స్లింగు ఎత్తేటప్పుడు ఏటి సూస్తావు?"

డాక్‌లో బస్తాలన్నీ తాళ్ళ వలలో వేసి క్రేనుతో ఎత్తుతారు. దాన్ని స్లింగు అంటారు. నాన్నకు ఆ ప్రశ్న అవమానంగానే తోచింది. "ఏటి సూస్తాను? కిందెవుడైనా ఉన్నాడా అని."

"అదీ. ఎంత బరువు ఎత్తుద్దని కాదు. తెగితే ఎవుడి మీద పడుద్దని." మూడు ఫారాలూ వరసగా పెట్టాడు. "ఈ తెలుగు సంఘం తెగితే పిల్లకి ఒక ఏడు పోతాది. ఆ అప్పు తెగితే పిల్ల మీద పడుద్ది, మోస్తాది, వయసుంది. ఈ డాక్‌ది అన్నిటికన్నా గట్టి తాడే. కానీ ఎంక్వైరీకి ఒకడు ఇంటికొస్తాడు. వొచ్చి, కార్డేదీ, రేసన్ కార్డేదీ, రెండూ పక్కపక్కన పెట్టు అంటాడు. అది తెగితే నీ మీద పడుద్ది. నీ కింద ఈవిడ. ఈవిడ కింద ఈ పిల్ల. అందరూ ఒక్క స్లింగు కిందే ఉన్నారు, సూసుకో."

డాక్ ఫారాన్ని తీసి, అమ్మకు కనబడేలా, తండ్రి పేరు తుడిచాడు. తరవాత మొత్తం తుడిచాడు. రబ్బరు పొడిని ఊదేసి, ఖాళీ ఫారాన్ని నాన్నకే తిరిగి ఇచ్చేశాడు. తన హక్కును మడిచి జేబులో పెట్టుకుని నాన్న టీ కొట్టుకు వెళ్ళిపోయాడు.

మిగిలిన రెండింటికీ ఒకదానితో ఒకటి పడదు. వేరే స్కాలర్‌షిప్పు ఏదైనా ఉంటే అప్పు ఇవ్వం అంటుంది సర్కారు. అప్పేమో మంజూరయి చేతికి రావడానికి ఏడాది పడుతుందని అందరికీ తెలుసు. ఆ ఏడాది తినాలి కదా. టాలీదా నన్ను వెంటబెట్టుకుని తెలుగు సంఘం కార్యదర్శిగారి ఇంటికి వెళ్ళాడు. కార్యదర్శిగారు మంచివారు. దరఖాస్తు మాత్రం సొంత దస్తూరీతో తెలుగులో రాయాలన్నారు. మాతృభాషాభిమానం నిబంధనల్లో ఉంది.

నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు. చదివింది హిందీ మీడియం, ఆడుకుంది బెంగాలీలో. బస్సులో ఏడుపు మొహం పెట్టాను.

"ఏడుపెందుకు? పది రోజులుంది" అన్నాడు టాలీదా.

ఆ పది రోజులూ డాక్ టాలీ కాగితాల వెనక అక్షరాలు దిద్దించాడు. వాచకం ఏదీ లేదు కాబట్టి చర్చి పాటల పుస్తకమే వాచకం. కార్యదర్శిగారికి నేను రాసిన దరఖాస్తు ప్రార్థన ధోరణిలో సాగి, చివర ఆయన కృప కోరుతూ ముగిసిందని తరవాత తెలిసింది. ఆయన చాలా సంతోషించారట. సాయం మంజూరు చేస్తే, దాన్ని స్కాలర్‌షిప్పు అనకుండా బహుమతి అనమని టాలీదా బతిమాలాడు. మంచి మార్కులకు బహుమతి ఇస్తే సర్కారుకు అభ్యంతరం ఉండదు. బహుమతి అంటే సభ పెట్టచ్చు కదా అని కార్యదర్శిగారు ఇంకా సంతోషించారు. సభ పెట్టారు, దండ వేశారు. కాబట్టి అది అబద్ధం కూడా కాదు.

ఈ మాటలు నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే కారణం భాషాభిమానం కాదు. హాస్టలు మెస్సు.

ఇక అప్పు ఫారం. ఆఖరి తేదీ శుక్రవారం. శుక్రవారం బంద్ అని బుధవారం సాయంత్రం ఊరేగింపు వాళ్ళు చెప్పుకుంటూ పోయారు. అంటే ఆఖరి తేదీ గురువారం, కిటికీ మూసే నాలుగు గంటలు. ఆ గురువారం నేను పొద్దున్నించి ఏమీ తినలేదు. నాన్న మధ్యాహ్నం తిండి సెలవులో, బస్తాలు లాగే హుక్కు భుజానికి తగిలించుకుని వచ్చాడు. అరగంట టైముంది.

నిలబడి చదివాను. తండ్రి పేరు: నూకరాజు. వృత్తి: రోజు కూలి.

"రోజు కూలీయా?" అన్నాడు నాన్న.

"మరేటి రాయమంటావు?" అన్నాడు టాలీదా మెల్లగా. "డాక్‌లో నూకరాజనే మనిషి నేడు."

పంతొమ్మిదేళ్ళ పర్మనెంటు మనిషి ఆ ఒక్క గడిలో రోజు కూలీ అయిపోయాడు. నాన్న హుక్కు తీసి గోడకు ఆనించాడు. మళ్ళీ ఏమీ అనలేదు. అది చూసి నాకు భయమేసింది. మా నాన్న ఊరుకునే మనిషి కాదు.

"ముందు పెన్సిలుతో సంతకం పెట్టు."

"సంతకానికి కూడా పెన్సిలేటి, టాలీదా? టైము నేదు."

"పెట్టు."

నాన్న వంగి పెట్టాడు. జీతం రోజున పెట్టేలాగే, చకచకా, చూడకుండా. పెట్టి, సిరా పెన్ను కోసం చెయ్యి చాపాడు.

పెన్ను ఇవ్వలేదు టాలీదా. ముగ్గురం ఆ కాగితం వైపే చూస్తున్నాం. దాని మీద, వంకర లేకుండా, ఒత్తుతో దీర్ఘంతో సహా, అప్పలసామి అని ఉంది.

ఉన్నది ఆ ఒక్క ఫారమే. అప్పుడు గంట రెండు కావస్తోంది.

నాన్న మొహం నేను మళ్ళీ ఎప్పుడూ అలా చూడలేదు. దొంగతనం పట్టుబడ్డట్టు కాదు. ఇంటికొచ్చి చూస్తే తలుపు తాళం మారిపోయి ఉన్నవాడిలా. "నాది... నాదెలా పెట్టీవోణ్ణో..." అన్నాడు. పెళ్ళయిన కొత్తలో రేషన్ కార్డు మీద ఒకసారి పెట్టాడట. తరవాత ఆ పేరుతో ఎవరూ సంతకం అడగలేదు.

టాలీదా తిట్టలేదు. తుడిచాడు. టాలీ కాగితం ఒకటి బోర్లించి ముందు పెట్టాడు. "రాయి. తొందర నేదు" అన్నాడు. తొందర ఎంతుందో ముగ్గురికీ తెలుసు.

నాన్న నూకరాజు అని రాశాడు. అది సంతకంలా లేదు, పలక మీద రాసినట్టుంది. మళ్ళీ రాశాడు. మధ్యలో రెండుసార్లు చెయ్యి దానంతటదే 'అ'లోకి వెళ్ళిపోయింది. చెమట కాగితం మీద పడుతోంది. టాలీదా పక్కన కూర్చుని, ఒక్కో నూకరాజుకీ ఒక్కో గీత గీస్తున్నాడు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. నేను గడియారం వైపు చూడకుండా ఉండటానికి ఆ గీతలే చూశాను. ఏడో అడ్డగీత పడ్డాక, "ఇప్పుడు సిరా" అన్నాడు.

నాన్న సిరాతో నూకరాజయ్యాడు. హుక్కు భుజానికి వేసుకుని, అప్పలసామిగా డ్యూటీకి పరిగెత్తాడు.

హామీదారు గడి ఇంకా ఖాళీగా ఉంది. పర్మనెంటు ఉద్యోగం ఉన్నవాడు కావాలి. యూనియనులో ఇద్దరు ముగ్గురు చూద్దాం అన్నారు, చూడటంతో సరిపెట్టారు. టాలీదా జేబులోంచి సిరా పెన్ను తీసి, ఆ గడిలో నేరుగా సంతకం పెట్టేశాడు. చదవను కూడా లేదు. రిటైర్మెంటుకు ఏడాది ఉంది ఆయనకు. నేను అప్పు ఎగ్గొడితే ఆయన పెన్షను మీద పడుతుంది.

"మీరు పెన్సిలుతో పెట్టరా?" అన్నాను.

"నేను లెక్కెట్టిన సరుకు కదా" అన్నాడు. "బేగి పద. బస్సు."

కిటికీ మూసే ముందు మా ఫారం లోపల పడింది.

రెండో ఏడు తెలుగు సంఘం వారు వేరే అబ్బాయికి దండ వేశారు. అప్పు మొదటి వాయిదా ఆ నెలలోనే వచ్చింది. నాన్న అప్పలసామిగానే రిటైరయ్యాడు. ఎవరూ ఏ కార్డూ పక్కపక్కన పెట్టి చూడలేదు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా టాలీదా వరండా ముందు ఆగేదాన్ని. ఆయన మార్కులు అడిగేవాడు కాదు. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు కూడా కళ్ళజోడు పైకెత్తి అడిగింది ఒకటే: "మరి రెండో ఏడు ఏటి?" ఆఖరి వాయిదా కట్టిన రసీదు చూపించడానికి వెళ్దామనుకుంటూనే రోజులు గడిచాయి. వంతెన దాటితే ఖిదిర్‌పూర్. నాకు మాత్రం ఎప్పుడూ పని ఉండేది.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చింది. ఆమె ఫారం మీద అప్పటికే నా టిక్కు ఉంది. ఇది మా కాలేజీ ఇచ్చే సాయం, ఒక్క ఏడాదిదే. కళ్ళజోడు నాకూ వచ్చింది కాబట్టి పైకెత్తాను.

"మరి రెండో ఏడు ఏటి?"

ఆమె బిత్తరపోలేదు. ఆ ప్రశ్న కోసమే వచ్చినట్టు సంచిలోంచి ఇంకో ఫారం తీసి ఇచ్చింది. బ్యాంకు చదువు అప్పుది. మొత్తం పెన్సిలుతోనే ఉంది. ముసలి చెయ్యి, కానీ గీత తప్పలేదు. సిరా పెట్టేలోపు టాలీదా పోయాడు.

చివరిదాకా చూశాను. పైన తండ్రి పేరు ఒకటి ఉంది. అడుగున ఆ తండ్రి పెట్టిన పెన్సిలు సంతకం వేరే పేరుతో ఉంది.

ఆమె నా మొహమే చూస్తోంది. ఆ వయసులో నాకు తెలిసిన భయమే అది.

సొరుగులోంచి రబ్బరు తీసి, ఆ సంతకాన్ని తుడిచి, పొడి ఊదాను. "ఆదివారం మీ నాన్న ఇంట్లో ఉంటారా? నేనే వస్తాను. ఈలోపు ఆయన్ని తన పేరు కాస్త రాసుకోమను" అన్నాను. ఫారం తిరిగి ఆమె చేతికిచ్చాను.

"ఇప్పుడు నిలబడి చదువు" అన్నాను. ఆమె వచ్చినప్పటి నుంచీ నిలబడే ఉంది.